హాస్పిటల్ టీముకి ఏ బోర్డ్ గేమ్? కొన్నవీ, వదిలేసినవీ, చార్టు మీద గీసుకున్నదీ

మేం మొదట కొన్న పెట్టె పాండెమిక్. పేరు చూసే కొన్నాం. నాలుగు రోగాలు ప్రపంచమంతా పాకుతుంటాయి, ఆడేవాళ్ళలో ఒకరు మెడిక్, ఒకరు సైంటిస్టు, అందరిదీ ఒకే జట్టు. హాస్పిటల్ వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. నేను వైజాగ్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సులకి ట్రైనింగ్ ఇస్తుంటాను. టీములో ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోవడం నేర్పడానికే ఈ ఆటలు. ఒక శనివారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో బల్ల చుట్టూ ఒక సీనియర్ కన్సల్టెంట్‌ని, ఒక డ్యూటీ డాక్టర్‌ని, ఇద్దరు ఐసీయూ సిస్టర్లని కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో సంగతి తేలిపోయింది. "సిస్టర్, ఆ కార్డు కాదు, ఇది వేయండి." "సిస్టర్, మీరు చెన్నై వెళ్ళండి." నలుగురి ఆటా సారే ఆడేశారు. గెలిచాం కూడా. సిస్టర్లిద్దరూ రౌండ్స్‌లో ఫైలు పట్టుకుని నిలబడ్డట్టే కూర్చున్నారు.

ఆటలో తప్పేం లేదు. 2008లో మ్యాట్ లీకాక్ చేసిన ఈ ఆట ఇంట్లో ఆడుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ మేం కార్డులన్నీ బల్ల మీద తెరిచే ఆడాం. అన్నీ అందరికీ కనిపిస్తున్నప్పుడు, ఎక్కువ తెలిసినవాళ్ళో, గొంతు పెద్దదైనవాళ్ళో మొత్తం నడిపించేస్తారు. దీన్ని ఆటగాళ్ళు ఆల్ఫా ప్లేయర్ గొడవ అంటారు. మన వార్డుల్లో ఆ ఆల్ఫా ఎవరో ముందే ఖాయమై ఉంటుంది. అలాంటి టీముకి పాండెమిక్ ఇస్తే, ఉన్న జబ్బుకే ఇంకో డోసు వేసినట్టు.

అందుకని పెట్టె మీద స్టెతస్కోపు బొమ్మ ఉందా లేదా అని చూడకండి. మీ టీములో మాట ఎక్కడ తెగుతోందో ముందు చూడండి. కొన్నిచోట్ల జూనియర్‌కి తెలిసి కూడా నోరు విప్పరు. ఇంకొన్నిచోట్ల అందరూ మాట్లాడతారు, చెప్పింది అవతలివాళ్ళకి అందిందో లేదో మాత్రం ఎవరూ చూడరు. ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో), లేబర్ రూమ్‌లో ఎక్కువగా ఒకే మాటకి రెండు అర్థాలు రావడం వల్ల గొడవ వస్తుంది. క్యాజువాలిటీలో టీము బాగానే ఉంటుంది, పై అంతస్తులో బెడ్ ఖాళీ అయిందన్న కబురు మాత్రం కిందికి రాదు. వీటిలో ఏది మీదో తేల్చుకోండి. రెండు మూడు ఉంటే ఎక్కువ ప్రమాదం ఉన్నదాన్ని పట్టుకోండి. అన్నిటికీ ఒకే ఆట దొరకదు.

నోరు విప్పని టీముకి: హనాబి

ఆంత్వాన్ బౌజా చేసిన చిన్న కార్డుల ఆట ఇది. 2013లో జర్మనీలో స్పీల్ దెస్ యారెస్, అంటే ఆ ఏటి మేటి ఆట, అవార్డు వచ్చింది. ఇద్దరి నుంచి ఐదుగురు ఆడొచ్చు, అరగంట లోపే అయిపోతుంది. కిటుకు ఏమిటంటే, కార్డులు తిరగేసి పట్టుకోవాలి. మీ చేతిలో ఏముందో మీకు తప్ప అందరికీ కనిపిస్తుంది. ఐదు రంగుల్లో 1 నుంచి 5 వరకు వరస పెట్టుకుంటూ పోవాలి. సూచన ఇవ్వాలంటే ఎనిమిది బిళ్ళలే ఉంటాయి, అదీ రంగు గానీ అంకె గానీ, ఏదో ఒకటే చెప్పాలి. మూడు తప్పులైతే ఆట ఖతం.

హాస్పిటల్లో దీని విలువ మొదటి ఐదు నిమిషాల్లోనే తెలుస్తుంది. సారు చేతిలో ఏముందో సారుకి తెలియదు, మొన్న చేరిన సిస్టర్‌కి తెలుసు. ఆమె చెబితేగానీ ఆయన కదలలేరు. ఇంత చిన్న మార్పుకే బల్ల దగ్గర గాలి మారిపోతుంది.

కానీ ఇందులో ఒక గోతి ఉంది. దీన్ని దాచిపెట్టి హనాబిని మెచ్చుకుంటే మీకు అన్యాయం చేసినట్టే. సూచనలు తక్కువ కాబట్టి ఆడేవాళ్ళు రెండో రౌండుకల్లా సూటిగా చెప్పడం మానేసి సైగల భాషలోకి వెళ్ళిపోతారు. "నేను రెండు అన్నానంటే అది వేయమని అర్థం, మీకే అర్థమవ్వాలి కదా." ఇది ఆటలో తెలివి, ఐసీయూలో ప్రమాదం. "సార్, బీపీ కొంచెం తక్కువగానే ఉందండీ..." అని సగంలో ఆపి, ఆయనకే వెలగాలని ఎదురుచూడడం మనం రోజూ వినేదే. అందుకని నేను దీన్ని రెండుసార్లు ఆడిస్తాను. మొదటిసారి అసలు రూల్స్‌తో. రెండోసారి సూచనల మీద పరిమితి తీసేసి, "ఇది వేయకండి, వేస్తే ఓడిపోతాం" అని పూర్తి వాక్యంలో చెప్పొచ్చు అంటాను. రెండోసారి పరిమితి లేకపోయినా చాలామంది సైగలే చేస్తారు. మాట్లాడుకోవాల్సింది సరిగ్గా ఆ క్షణం గురించే.

అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ అనే శిక్షణ పద్ధతిలో ఇలాంటి చోటికి మూడు మెట్లు చెప్పారు. నాకు ఆందోళనగా ఉంది. నాకు ఇది సరిగ్గా అనిపించట్లేదు. ఇది పేషెంట్ భద్రత విషయం, ఆగుదాం. ఈ మూడు వాక్యాల్ని రెండో రౌండులో తెలుగులోనే అనిపించండి. ఇంగ్లీషులో బట్టీ పట్టిన వాక్యం టెన్షన్‌లో నోటికి రాదు.

ఒక మాట, రెండు అర్థాలు: కోడ్‌నేమ్స్

వ్లాదా ఖ్వాటిల్ చేసిన ఆట, 2016లో అదే అవార్డు తెచ్చుకుంది. 25 పదాలు ఐదు వరసల్లో పరుస్తారు. జట్టు నాయకుడు ఒకే పదం, ఒక అంకె చెబుతాడు. మిగతావాళ్ళు అతని మనసులో ఉన్న కార్డులేవో పట్టుకోవాలి. ఒక నల్ల కార్డు ఉంటుంది, అది తాకితే ఆట అక్కడే ముగుస్తుంది.

పెట్టెలో వచ్చే ఇంగ్లీషు పదాలతో మన దగ్గర ఆడించకండి. మా స్టాఫ్‌లో శ్రీకాకుళం అమ్మాయిలున్నారు, మలయాళీలున్నారు, ఒడియా వాళ్ళున్నారు. ఇంగ్లీషు సామెతలు తెలిసినవాళ్ళు గెలుస్తారు, మిగతావాళ్ళు ముడుచుకుపోతారు. మేం పాత విజిటింగ్ కార్డుల వెనక మందుల పేర్లు, పొట్టి పేర్లు రాసుకున్నాం. డోపమిన్, డోబుటమిన్ పక్కపక్కనే పెట్టాం. ఎం.ఎస్. అని ఒక కార్డు రాశాం. కొందరికి అది మార్ఫిన్ సల్ఫేట్, లేబర్ రూమ్ సిస్టర్లకి మెగ్నీషియం సల్ఫేట్. ఆ పొట్టిపేరు వాడొద్దని భద్రతా జాబితాలు ఎందుకు చెబుతాయో ఆ రోజు ఎవరికీ విడిగా చెప్పాల్సిన పని రాలేదు.

ఇందులో ఒత్తిడి తక్కువ, కూర్చుని ఆలోచించుకునే టైము ఉంటుంది. కాబట్టి కోడ్ బ్లూ (పేషెంట్ గుండె ఆగినప్పుడు టీముని పిలిచే పిలుపు) ప్రాక్టీసుకి ఇది పనికిరాదు. ఆర్డర్లు రాసేవాళ్ళకి, ఫార్మసీ వాళ్ళకి, ఫోన్‌లో ఆర్డర్ తీసుకునేవాళ్ళకి బాగా పనికొస్తుంది.

గడియారం తరుముతుంటే: మ్యాజిక్ మేజ్, కెప్టెన్ సోనార్

మ్యాజిక్ మేజ్ (2017, కాస్పర్ లాప్) విచిత్రమైన ఆట. బల్ల మీద నాలుగు బొమ్మలు, అన్నీ అందరివీ. కానీ మీరు ఏ బొమ్మనైనా ఒక దిక్కుకే జరపగలరు. ఉత్తరం ఒకరిది, తూర్పు ఇంకొకరిది. మూడు నిమిషాల ఇసుక గడియారం జారుతుంటుంది. మాట్లాడకూడదు. ఎవరైనా ఏదో చేయాలని మీకు తెలిస్తే ఒక పెద్ద ఎర్ర బొమ్మని వాళ్ళ ముందు టక్కున పెట్టడమే. గడియారం తిప్పే గడికి చేరినప్పుడు మాత్రం, ఎవరో మళ్ళీ బొమ్మ జరిపేదాకా మాట్లాడుకోవచ్చు.

ఆ ఎర్ర బొమ్మ కోసమే ఈ ఆట కొనొచ్చు. ఏం చేయాలో చెప్పదు, "ఏదో చెయ్!" అని మాత్రం అంటుంది. కోడ్ బ్లూలో "ఏంటమ్మా చూస్తున్నారు, త్వరగా!" అని అరిచేవాళ్ళని గుర్తుచేసుకోండి. ఆ అరుపు వినగానే చేతులు ఇంకా వణుకుతాయి. ఇక గడియారం తిప్పినప్పుడు దొరికే ఆ కొద్ది క్షణాల్ని ఎలా వాడుకోవాలో నేర్చుకున్న టీము, సీపీఆర్‌లో రెండు నిమిషాలకోసారి మనిషి మారే టైములో కూడా అలాగే ఒక్క వాక్యంలో మాట్లాడుకోగలదు. ఇప్పటిదాకా ఏమైంది, తర్వాత ఏం చేయబోతున్నాం, అంతే.

కెప్టెన్ సోనార్ (2016) ఇంకా పెద్దది. నలుగురు చొప్పున రెండు సబ్‌మెరైన్లు, మధ్యలో అడ్డుగా ఒక తెర. కెప్టెన్ దిక్కు చెబుతాడు. ఫస్ట్ మేట్, ఇంజనీరు తమ కాగితాల మీద గుర్తు పెట్టి సరే అనేదాకా అతను ముందుకి పోకూడదు. నాలుగో మనిషి రేడియో ఆపరేటర్, అవతలి జట్టు కెప్టెన్ మాటలు వింటూ వాళ్ళెక్కడున్నారో గీస్తుంటాడు. అందరూ ఒకేసారి ఆడతారు, వంతులు ఉండవు.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర లోపలికి వెళ్ళినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఆ సబ్‌మెరైన్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి దూరి వెళ్ళాలి. అక్కడ ఒకరు అన్న మాట ఇంకొకరికి అందకపోతే అందరూ మునుగుతారు. మన వార్డుల్లో చెప్పే ఎస్‌బార్ పద్ధతి కూడా అమెరికా అణు సబ్‌మెరైన్ల నుంచి వచ్చిందే. ఇప్పుడేం జరుగుతోంది, ముందు సంగతి ఏమిటి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చేయాలి: ఈ వరసని తర్వాత కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ వాళ్ళు హాస్పిటల్ మాటలకి మార్చారు. నేను ఈ ఆట మొదలెట్టే ముందు రెండు నిమిషాలు ఇదే చెబుతాను. నర్సులకి సబ్‌మెరైన్ ఎందుకు అన్న ప్రశ్న ఇక రాదు.

కెప్టెన్ సోనార్‌లో క్లోజ్డ్ లూప్ (విన్నది తిరిగి చెప్పి, చేశాక చేశానని చెప్పడం) రూల్‌లోనే ఉంది. "అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఐవీ." "అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఐవీ, ఇస్తున్నాను." "ఇచ్చాను, 10:42." ఈ మూడో వాక్యమే మనవాళ్ళు ఎప్పుడూ మింగేస్తారు. ఇక్కడ సరే అనడం మింగితే సబ్‌మెరైన్ కదలదు, బల్ల దగ్గర అందరూ నవ్వుతారు, గుర్తుండిపోతుంది. పైగా ఎనిమిదిమంది ఒకేసారి అరుస్తుంటే తనకి కావాల్సిన గొంతునే వినడం రేడియో ఆపరేటర్ పని. క్యాజువాలిటీలో స్క్రైబ్ (జరిగేదంతా రాసుకునే మనిషి) పనికి ఇంతకంటే మంచి ప్రాక్టీసు నేను చూడలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రూల్స్ చెప్పడానికే పావుగంట పడుతుంది, ఎనిమిదిమంది దొరకాలి, ఆట గంట దాకా సాగుతుంది. డ్యూటీ మధ్యలో కుదరదు. మ్యాజిక్ మేజ్‌కి అంత తతంగం లేదు, చిన్న మ్యాపుతో మొదలెట్టొచ్చు. మీకు నెలకి ఒక్క గంటే దొరికితే మ్యాజిక్ మేజ్ తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు పూర్తి మధ్యాహ్నం ఇప్పించుకోగలిగితే కెప్టెన్ సోనార్.

ది మైండ్ గురించి కూడా అడుగుతుంటారు. 1 నుంచి 100 దాకా కార్డులు, మాటా సైగా లేకుండా చిన్న అంకె నుంచి పెద్దదానికి వేసుకుంటూ పోవాలి. సరదాగా ఉంటుంది, సెషన్ మొదట్లో పది నిమిషాలకి పనికొస్తుంది. కానీ మాట్లాడకుండా అర్థం చేసుకోవడాన్ని మెచ్చుకునే ఆటతో మాట్లాడడం నేర్పలేం.

హాస్పిటల్ పేరుతోనే వచ్చే ఆటలు

ఫ్రైడే నైట్ అట్ ది ఈఆర్ అనేది ఇలాంటి శిక్షణ కోసమే చేసిన బల్ల ఆట. నలుగురు నాలుగు డిపార్ట్‌మెంట్లు చూసుకుంటారు: ఎమర్జెన్సీ, సర్జరీ, క్రిటికల్ కేర్, స్టెప్ డౌన్ (ఐసీయూకి, మామూలు వార్డుకి మధ్యది). ఆటలో హాస్పిటల్ 24 గంటలు నడుస్తుంది. పేషెంట్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలాలి, బెడ్లు చాలవు, స్టాఫ్ చాలరు. ఎవరి డిపార్ట్‌మెంట్‌ని వాళ్ళు కాపాడుకుంటే మొత్తం హాస్పిటల్ ఓడిపోతుంది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన గ్రిడ్‌లాక్డ్ కూడా ఇలాంటిదే, క్యాజువాలిటీలో పేషెంట్ల ప్రవాహం మీద.

ఇవి మంచం పక్కన మాటల కోసం కాదు. మెడికల్ సూపరింటెండెంట్, నర్సింగ్ సూపరింటెండెంట్, బెడ్ మేనేజర్, బిల్లింగ్ మేనేజర్ ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి. డిశ్చార్జ్ ఫైలు బిల్లింగ్‌లో ఆగితే కింద క్యాజువాలిటీలో స్ట్రెచర్ ఎందుకు ఆగుతుందో వాళ్ళకి అక్కడ తెలుస్తుంది. ఈ ఊళ్ళో ఇది ఊహ కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికొచ్చినప్పుడు వందలమంది ఒక్కసారిగా ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కీ చుట్టుపక్కల హాస్పిటళ్ళకీ వచ్చారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు. అందుకే ఇలాంటి ఆట ఆడించేటప్పుడు సగంలో ఒక రౌండు "ఫోన్లు పోయాయి, మనిషే వెళ్ళి చెప్పాలి" అని పెట్టండి. స్టాఫ్ నర్సుల కోసం మాత్రం వీటి మీద డబ్బు పెట్టకండి. ఆడించడం తెలిసిన మనిషి కావాలి, సగం రోజు కావాలి.

పైసా ఖర్చు లేనిది: అష్టాచెమ్మా గళ్ళు

నన్నడిగితే ముందు ఇక్కణ్ణుంచే మొదలెట్టమంటాను. చార్టు మీద ఐదు వరసలు, ఐదు నిలువుల గళ్ళు గీయండి. ప్రతి అంచు మధ్య గడిలో, నట్టనడి గడిలో ఇంటు గుర్తు పెట్టండి. మన అష్టాచెమ్మా పటమే. అలాంటివి రెండు. గవ్వలు వేయడం ఉండదు, పటం మాత్రమే అరువు తెచ్చుకుంటున్నాం. పావుల బదులు రంగురంగుల ఇంజెక్షన్ వయల్ మూతలు వాడుతున్నాం. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని అడిగి శుభ్రమైనవే తీసుకోండి, లేదంటే ఆవిడ మీ సెషన్‌నే ఆపేస్తుంది.

ఇద్దరు వీపు వీపు ఆనించి కూర్చుంటారు. ఒకరి పటం మీద ఎనిమిది మూతలు నేను ముందే పెట్టి ఉంచుతాను. వాళ్ళు మాటలతో చెప్పాలి, రెండోవాళ్ళు తమ పటం మీద అచ్చం అలాగే పెట్టాలి. మూడు నిమిషాలు. మొదటి రౌండులో వినేవాళ్ళు ఏమీ అడగకూడదు. రెండో రౌండులో విన్న ప్రతి వాక్యాన్నీ తిరిగి చెప్పాలి. మూడో రౌండులో ఫోన్‌లో మానిటర్ అలారం మోగిస్తాం. ఇంకొకరు పేషెంట్ తాలూకు మనిషిలా వచ్చి నిలబడతారు. "ఏటండీ, మావోడికి ఎలాగుంది? ఇందాకట్నుంచి అడుగుతుంటే ఎవరూ సెప్పరేటండీ?" ఈ వేషం వేయడానికి మా వార్డ్ బాయ్‌లలో పోటీ. ఒకతను సెల్ చూపించి "ఎమ్మెల్యే గారు లైన్లో ఉన్నారు" అనేదాకా వెళ్ళాడు.

మొదటి రౌండులో ఏమవుతుందో చూడండి. "పైన వరసలో" అంటారు. పైన అంటే నా ఎదరదా, అవతలిదా? "కుడివైపు మూల" అంటారు, చెప్పేవాళ్ళు చార్టు పక్కకి తిప్పి పెట్టుకుని ఉంటారు. "ఆ నీలం దాని పక్కన" అంటారు, నీలానివి రెండు. ఓటీ టెక్నీషియన్లు ఇక్కడ నవ్వరు, కుడి ఎడమల తికమక ఎక్కడికి పోతుందో వాళ్ళకి తెలుసు. రెండో రౌండు ఆలస్యమైనట్టే అనిపిస్తుంది. కానీ పెట్టినవి మళ్ళీ తీసి సర్దడం ఉండదు కాబట్టి చివరికి పని ముందే తేలుతుంది. మూడో రౌండుకి వచ్చేసరికి మంచి జంటలు ఎవరూ చెప్పకుండానే గళ్ళకి నంబర్లు పెట్టుకుంటాయి. ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీలా వినపడుతోందని గమనించి "వన్ ఫైవ్" అనడం మొదలెడతారు. మేం ఇన్సులిన్ డోసులు ఫోన్‌లో చెప్పేటప్పుడు అలా విడదీసి చెప్పాలన్న నియమం పెట్టుకున్నది ఈ ఆట తర్వాతే.

పులి మేక కూడా ప్రయత్నించాం. పదిహేను మేకల్ని ముగ్గురికి ఐదేసి పంచి, మూడు పులుల్ని ఒకరికి ఇచ్చి. మేకలవాళ్ళు మాట్లాడుకోకపోతే పులి ఒక్కొక్కటిగా తినేస్తుంది. ప్లాన్ వేయడానికి బాగుంది గానీ హడావుడి ఉండదు. భోజనం తర్వాతి బద్ధకానికి సరిపోతుంది.

ఆడించేటప్పుడు

ఆట ఇరవై నిమిషాలైతే, తర్వాతి మాటలకి కనీసం ఇంకో ఇరవై ఉంచండి. అంత టైము లేకపోతే ఆట మానేయండి, అది పిక్నిక్ అవుతుంది. నేను అడిగే ప్రశ్న ఒకటే, రకరకాలుగా అడుగుతాను: నీకు తెలిసి కూడా చెప్పని క్షణం ఏది? సీనియర్లు చివర మాట్లాడాలి. ముందు వాళ్ళు మాట్లాడితే మిగతావాళ్ళు "సారు చెప్పిందే అండీ" అని ముగించేస్తారు. స్కోర్లు ఎవరి అప్రైజల్‌లోకీ పోవని మొదటే చెప్పండి, నిజంగానే పోనివ్వకండి.

నైట్ డ్యూటీ దిగినవాళ్ళని కూర్చోబెట్టకండి. మాకు మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారే దగ్గర దొరికే సందు సరిపోతోంది. ఆట ఆడిన వారంలోనే ఒక మాక్ కోడ్ బ్లూ పెట్టుకోండి. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు సరైన లోతులో నొక్కడం మానికిన్ (శిక్షణకి వాడే మనిషి బొమ్మ) మీద తప్ప ఏ బల్ల మీదా రాదు. మేనేజ్‌మెంట్ "ఆట కొన్నాం కదా, డ్రిల్ ఎందుకు" అంటే రెండూ వద్దని చెప్పడమే మేలు.

గాజువాకలో పది పడకల నర్సింగ్ హోమ్ అయితే ఏమీ కొనొద్దు, గళ్ళ చార్టు చాలు. కన్సల్టెంట్ల ముందు సిస్టర్లు నోరు విప్పని ఐసీయూ అయితే హనాబి. అది చిన్న పెట్టె, ఖర్చూ తక్కువ. ఫార్మసీ, లేబర్ రూమ్‌కి సొంతంగా రాసుకున్న కోడ్‌నేమ్స్ కార్డులు. క్యాజువాలిటీకి, కోడ్ టీముకి మ్యాజిక్ మేజ్, అలవాటయ్యాక కెప్టెన్ సోనార్. ఆరిలోవ వైపు పెద్ద హాస్పిటల్ నడిపేవాళ్ళు మేనేజర్ల కోసం ఫ్రైడే నైట్ గురించి ఆలోచించొచ్చు.

పాండెమిక్ పెట్టె మా దగ్గరే ఉంది. ఈమధ్య సీనియర్ తన వంతులో తప్ప మాట్లాడకూడదని ఒక రూల్ పెట్టి మళ్ళీ ఆడించాను. సారు రెండుసార్లు నోరు తెరిచి, చేత్తో మూసుకున్నారు. "సార్, ఈసారి చెన్నై మీరే వెళ్ళాలి" అంది సిస్టర్. వెళ్ళారు. అయినా ఓడిపోయాం.